జో లూయిస్ – మలిపోరు

1938వ సంవత్సరం జూన్ 22వ తేదీ రాత్రి న్యూయార్క్ నగరంలోని యాంకీ స్టేడియం జనసంద్రమయింది. 70,000 మందికి పైగా ప్రేక్షకులు అక్కడ గుమిగూడారు. దేశమంతటా కోట్లాది ప్రజలు రేడియోల ముందు చెవులు రిక్కించి కూర్చున్నారు. ప్రపంచ హెవీవెయిట్ ముష్టియుద్ధ విజేత జో లూయిస్, జర్మనీకి చెందిన మాక్స్ ష్మెలింగ్ ఆ రాత్రి తలపడుతున్నారు. రెండేళ్ల క్రితం అదే ఆవరణలో ష్మెలింగ్ లూయిస్‌ను చిత్తుగా ఓడించాడు. ఈసారి గంట మోగిన 2 నిమిషాల 4 సెకన్లకే అంతా ముగిసింది. ష్మెలింగ్ మూడుసార్లు నేలకూలాడు. ఆలస్యంగా వచ్చి ఆసనాలు వెదుక్కుంటున్నవారు పోరు మొదలైన సంగతిని గ్రహించేలోపే విజేత బరి దిగిపోయాడు.

ఆ 124 సెకన్ల గురించి అనంతర కాలంలో వెలువడిన వ్యాఖ్యలకు లెక్కలేదు. కొందరు దానిని ప్రతీకారమన్నారు. కొందరు నాజీయిజంపై ప్రజాస్వామ్యం సాధించిన విజయమన్నారు. ముప్పై దాటిన వానిపై పాతికేళ్లు నిండని యువకుడు సాధించిన గెలుపులో వింతేమున్నదని పెదవి విరిచినవారూ ఉన్నారు. ఒకసారి ఓడినవాడు అదే ప్రత్యర్థిని తిరిగి ఎదుర్కొని గెలిచినప్పుడు ఆ గెలుపును ఏ కొలబద్దతో కొలవాలి? లూయిస్ జీవితంలో ఇటువంటి మలిపోరులు ఒకటి కంటే ఎక్కువే ఉన్నాయి. అందువల్ల ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి అతని జీవితం కంటే అనువైనది మరొకటి లేదు.

జో లూయిస్ పూర్తి పేరు జోసెఫ్ లూయిస్ బారో. 1914 మే 13న అమెరికా దక్షిణ ప్రాంతంలోని అలబామా రాష్ట్రంలో, లఫాయెట్ పట్టణ సమీపాన పత్తిచేల నడుమనున్న ఒక చిన్న ఇంట్లో జన్మించాడు. ఎనిమిది మంది సంతానంలో ఏడవవాడు. పూర్వీకులు బానిసలుగా బతికినవారు. తండ్రి మన్రో బారో కౌలురైతు. జోకు రెండేళ్ల వయసు వచ్చేసరికే అతడు మతిస్థిమితం కోల్పోయి ఆసుపత్రి పాలయ్యాడు. తల్లి లిల్లీ చేలో కూలి చేసి బిడ్డలను పోషించింది. భర్త మరణించాడని ఎవరో చెప్పగా నమ్మి, కొంతకాలానికి పాట్ బ్రూక్స్ అనే ఆయనను వివాహమాడింది. నల్లజాతి వారికి ఓటు దక్కని చోటు అది. బడి వేరు, గుడి వేరు, రైలుపెట్టె వేరు. చిన్న నెపంతో నల్లజాతి వ్యక్తిని చెట్టుకు ఉరితీసినా అడిగే దిక్కులేని కాలం. 1926లో ఆ కుటుంబం ఉత్తరాన ఉన్న డెట్రాయిట్ నగరానికి తరలిపోయింది. అక్కడ మోటారు కార్ల కర్మాగారాలు ఉన్నాయి. నల్లజాతి వారికి కూడా కూలి దొరికేది.

పల్లెలో చదువు సరిగా సాగని జోకు నగరపు బడిలో అది మరింత భారమయింది. మాట నెమ్మది. చేతిపని నేర్పే పాఠశాలలో చేర్పించారు. కొడుకు వీధి పిల్లలతో తిరిగి చెడిపోతాడేమోనన్న భయంతో తల్లి వయొలిన్ నేర్చుకొమ్మని డబ్బు ఇచ్చేదట. కొడుకు ఆ డబ్బుతో బ్రూస్టర్ వ్యాయామశాలలో చేరి ముష్టియుద్ధం అభ్యసించాడని చెబుతారు. నిజానిజాలు ఎట్లున్నా, ఆ వ్యాయామశాల అతని జీవితాన్ని మలుపు తిప్పిన మాట వాస్తవం.

అతని తొలి పోటీ ఫలితం మాత్రం ఎవరికైనా కనువిప్పు కలిగించేదే. 1932లో జానీ మిలర్ అనే అనుభవజ్ఞుడైన ఔత్సాహిక క్రీడాకారుడు అతనిని పలుమార్లు నేలకూల్చి ఓడించాడు. జో కొంతకాలం వ్యాయామశాల వైపు తొంగిచూడలేదు. కర్మాగారంలో పనికి కుదిరాడు. పిదప తిరిగి వచ్చాడు. రెండేళ్లు గడిచేసరికి, 1934లో, జాతీయ ఔత్సాహిక పోటీలలో లైట్ హెవీవెయిట్ విజేతగా నిలిచాడు. అదే ఏడాది జూలై 4న షికాగోలో వృత్తి క్రీడాకారుడిగా బరిలో దిగి తొలి రౌండులోనే గెలిచాడు. దానికి ముట్టిన పారితోషికం 59 డాలర్లు.

జాన్ రాక్స్‌బరో, జూలియన్ బ్లాక్ అనే ఇద్దరు నల్లజాతి వ్యాపారులు అతనికి మేనేజర్లయ్యారు. శిక్షకుడు జాక్ బ్లాక్‌బర్న్. ఇతడు ఒకప్పుడు స్వయంగా పేరుమోసిన యోధుడు. నల్లజాతి వాడు పాయింట్ల మీద గెలవాలని ఆశిస్తే న్యాయనిర్ణేతలు గెలవనివ్వరని, ప్రత్యర్థిని పడగొట్టే పిడికిలే అతనికి న్యాయనిర్ణేత కావాలని శిష్యునికి నూరిపోశాడు. కాలి కదలిక, దేహపు తూకం, ఎడమచేతితో సూటిగా పొడిచే ‘జాబ్’, ఆ వెనువెంటనే కుడిచేతి దెబ్బ – వీటిని ఒక్కొక్కటిగా దిద్దాడు. ఆరంగుళాల దూరం కదిలిన పిడికిలితోనే మనిషిని పడగొట్టగల నేర్పు లూయిస్‌కు అబ్బింది.

శిక్షణ బరిలోనే ముగియలేదు. అంతకు పూర్వం 1908 నుండి 1915 వరకు జాక్ జాన్సన్ అనే నల్లజాతి యోధుడు ప్రపంచ విజేతగా ఉన్నాడు. ఓడిన శ్వేతజాతీయులను చూసి బరిలోనే నవ్వేవాడు. శ్వేతజాతి స్త్రీలను పెళ్లాడాడు. అది శ్వేతజాతి సమాజానికి కంటగింపయింది. అతని తరువాత రెండు దశాబ్దాలకు పైగా మరో నల్లజాతి వానికి హెవీవెయిట్ కిరీటం కోసం పోరాడే అవకాశమే దక్కలేదు. ఆ అనుభవం దృష్ట్యా మేనేజర్లు లూయిస్‌కు కొన్ని నియమాలు విధించారు. ఓడినవాని ఎదుట ఉల్లాసం ప్రదర్శించరాదు. శ్వేతజాతి స్త్రీల పక్కన ఫొటో దిగరాదు. ముఖంలో ఏ భావమూ కనబడనీయరాదు. ఇరవై ఏళ్ల యువకునికి నవ్వు సైతం నిషిద్ధమయిందంటే ఆనాటి పరిస్థితిని ఊహించవచ్చు.

1935లో లూయిస్ ఇద్దరు మాజీ ప్రపంచ విజేతలను ఓడించాడు. జూన్ 25న భారీకాయుడైన ఇటలీ యోధుడు ప్రైమో కార్నెరాను ఆరవ రౌండులోను, సెప్టెంబరు 24న మాక్స్ బేర్‌ను నాల్గవ రౌండులోను పడగొట్టాడు. ముస్సోలినీ ఇథియోపియాపై దండెత్తడానికి సన్నద్ధమవుతున్న రోజులవి. కార్నెరా పతనంలో నల్లజాతి ప్రజలు వేరే అర్థాన్ని చూసుకున్నారు. ఆనాటి నుండి లూయిస్ పిడికిలి అతని ఒక్కనిదిగా మిగలలేదు. పత్రికలు అతనికి ‘బ్రౌన్ బాంబర్’ అని పేరుపెట్టాయి. 

ఈ దశలో ష్మెలింగ్ రంగప్రవేశం చేశాడు. 1905లో జన్మించిన ష్మెలింగ్ 1930లో ప్రపంచ విజేత అయ్యాడు. అదీ విచిత్రంగానే. ప్రత్యర్థి జాక్ షార్కీ నడుముకు దిగువన కొట్టడంతో నేలపై పడివుండగానే అతనిని విజేతగా ప్రకటించారు. 1932లో అదే షార్కీ చేతిలో, పలువురు తప్పుపట్టిన తీర్పుతో, ఆ కిరీటం కోల్పోయాడు. మలిపోరు రుచి అతనికి అప్పటికే తెలుసు. 1936 నాటికి అతని వయసు 30 ఏళ్లు. అతని కాలం ముగిసిందని అందరూ భావించారు.

ష్మెలింగ్ మాత్రం నెలల తరబడి లూయిస్‌ను పరిశీలించాడు. 1935 డిసెంబరులో లూయిస్ స్పెయిన్ యోధుడు ఉజ్కుదున్‌తో పోరాడుతుండగా బరి పక్కనే కూర్చుని చూశాడు. ఆ చలనచిత్రాలను పదేపదే వేసుకుని చూశాడు. చివరికి ఒక లోపం పట్టుకున్నాడు. లూయిస్ ఎడమచేతితో జాబ్ విసిరిన తరువాత ఆ చేతిని వెంటనే చుబుకం వద్దకు తీసుకురాక కిందికి జారవిడుస్తున్నాడు. ఆ క్షణంలో అతని ఎడమ దవడకు కాపుదల లేదు. కుడిచేతి దెబ్బకు పేరుపడిన ష్మెలింగ్‌కు అంతకంటే కావలసినదేమున్నది?

ఆ సమయంలో లూయిస్ న్యూజెర్సీలోని లేక్‌వుడ్‌లో శిక్షణ శిబిరంలో ఉన్నాడు. కొత్తగా గోల్ఫ్ క్రీడపై మోజు పుట్టింది. బ్లాక్‌బర్న్ వారిస్తున్నా వినక గంటల కొద్దీ ఎండలో బంతి వెంట తిరిగాడు. 1936 జూన్ 19న పోరు జరిగింది. నాల్గవ రౌండులో ష్మెలింగ్ కుడిచేయి తగిలి లూయిస్ వృత్తిజీవితంలో తొలిసారి నేలకూలాడు. ఆ తరువాత ప్రతి రౌండులోను అదే దెబ్బ, అదే చోట. దవడ వాచిపోయింది, కన్ను మూసుకుపోయింది. అయినా పన్నెండవ రౌండు వరకు నిలబడ్డాడు. చివరికి కూలిపోయి లేవలేకపోయాడు. ఆ రాత్రి న్యూయార్క్‌లోని నల్లజాతి వాడ హార్లెంలో వీధుల వెంట పెద్దవాళ్లు పసిపిల్లల వలె ఏడ్చారు. జర్మనీలో ష్మెలింగ్‌కు ఘనస్వాగతం లభించింది. హిట్లర్ అతనిని పిలిపించుకుని అభినందించాడు. ఆ పోరాట చిత్రాన్ని దేశమంతటా ప్రదర్శించి, జాతి ఆధిక్యానికి అదే నిదర్శనమని ప్రచారం చేసుకున్నారు.

లూయిస్ అభిమానులు ఆ ఓటమికి గోల్ఫ్‌ను కారణంగా చూపారు. అందులో కొంత నిజం లేకపోలేదు. కాని పూర్తి నిజమని ఒప్పుకుంటే చిక్కు వస్తుంది. సోమరితనం వల్లనే ఓడిపోయాడనుకుంటే, తదుపరి గెలుపు కేవలం శరీరాన్ని దారికి తెచ్చుకున్నవాని గెలుపు అవుతుంది. దానిని పొగడవలసిన పని అంతగా లేదు. నిజానికి 1936లో గెలిచింది ష్మెలింగ్ పరిశీలన. మంచి శరీరపుష్టితో ఉన్నా ఆ ఎడమచేయి జారుతూనే ఉండేది. తొలిపోరులో గెలిచినవాని ప్రతిభను తక్కువ చేసి, మలిపోరులో గెలిచినవానిని ఎక్కువ చేయడం సాధ్యం కాదు. ఒక త్రాసుకే రెండు పళ్లేలు.

ఓటమి తరువాత రెండు నెలలకే, 1936 ఆగస్టు 18న, లూయిస్ తిరిగి బరిలో దిగి జాక్ షార్కీని మూడవ రౌండులో ఓడించాడు. బ్లాక్‌బర్న్ శిష్యుని ఎడమచేతి మీదే దృష్టి పెట్టాడు. విసిరిన చేయి విసిరిన దారినే వెనుకకు రావాలి – వినడానికి ఇది చిన్న విషయమే. కాని దేహానికి ఏళ్ల తరబడి అలవాటైన ఒక కదలికను మాన్పించడం ఎంత దుస్సాధ్యమో ఏ విద్య నేర్చినవారికైనా తెలుసు. వేలసార్లు తప్పుగా చేసిన దానిని వేలసార్లు ఒప్పుగా చేయవలసి ఉంటుంది. ఆ దిద్దుబాటు ప్రేక్షకులకు కనబడేది కాదు. పత్రికలు దానిని గురించి పెద్దగా రాయలేదు.

ఈ మధ్యకాలంలో మరొకటి జరిగింది. దానిని దాటవేసి లూయిస్‌ను కీర్తించడం న్యాయం కాదు. అప్పటి ప్రపంచ విజేత జేమ్స్ బ్రాడక్. లూయిస్‌ను ఓడించినందున బ్రాడక్‌తో తలపడే హక్కు ష్మెలింగ్‌కు దక్కింది. ఒప్పందం కూడా కుదిరింది. కాని కిరీటం జర్మనీకి తరలిపోతే తిరిగి రాదేమోనన్న భయం ఒకవైపు, నాజీ పాలనకు వ్యతిరేకంగా బహిష్కరణ ఉద్యమం మరొకవైపు, లూయిస్‌తో పోరాడితే వచ్చే లాభం ఇంకొకవైపు – ఇవన్నీ కలిసి ఆ ఒప్పందాన్ని నీరుగార్చాయి. లూయిస్ పక్షం వారు తమ భావి లాభాలలో 10 శాతం పదేళ్లపాటు బ్రాడక్‌కు ఇవ్వడానికి అంగీకరించారు. తత్ఫలితంగా 1937 జూన్ 22న షికాగోలో బ్రాడక్‌తో తలపడింది లూయిస్. తొలి రౌండులో తానే కిందపడ్డాడు. ఎనిమిదవ రౌండులో బ్రాడక్‌ను పడగొట్టి ప్రపంచ విజేత అయ్యాడు. జాక్ జాన్సన్ అనంతరం ఆ ఘనత పొందిన తొలి నల్లజాతి యోధుడతడు. ఓడినవానికి కిరీటం, ఓడించినవానికి నిరీక్షణ – ష్మెలింగ్ దృష్టిలో ఇది అన్యాయమే. ఈ మంతనాలు నడిపింది వ్యాపారులే తప్ప లూయిస్ కాదు. అయినా లాభం పొందింది అతడే.

లూయిస్‌కు ఆ సంగతి తెలియనిది కాదు. ష్మెలింగ్‌ను ఓడించేవరకు తనను విజేత అని పిలవవద్దని అతడు చెప్పుకున్నాడు. అతనిది గొప్పలు చెప్పుకునే తత్వం కాదు. గనుక ఆ మాటను లాంఛనంగా కొట్టివేయనక్కరలేదు. 

1938 నాటికి ప్రపంచం పూర్తిగా మారిపోయింది. మార్చిలో హిట్లర్ ఆస్ట్రియాను ఆక్రమించాడు. యూదులపై వేధింపుల వార్తలు అమెరికాకు చేరుతున్నాయి. న్యూయార్క్‌లో ష్మెలింగ్ బస చేసిన హోటలు ముందు నిరసన ప్రదర్శనలు జరిగాయి. ఒక పక్క అమెరికా యావత్తు లూయిస్‌ను తన ప్రతినిధిగా ఎత్తుకున్నది. మరొక పక్క అదే దేశపు దక్షిణ రాష్ట్రాలలో అతనికి ఒక హోటలులో గది దొరకదు, శ్వేతజాతీయుల పంక్తిలో భోజనం దొరకదు. స్వేచ్ఛ తరఫున పోరాడమని ఆ స్వేచ్ఛ సగమే దక్కినవానిని కోరారు. లూయిస్ ఆ వైరుధ్యాన్ని పైకి ప్రశ్నించలేదు. పాంప్టన్ లేక్స్ శిబిరంలో మౌనంగా తన పని తాను చేసుకుపోయాడు. ఈసారి గోల్ఫ్ ఊసు లేదు.

పోరు నాటి రాత్రి అతడు బరిలోకి రాకముందే గదిలో చాలాసేపు గాలిలో పిడికిళ్లు విసురుతూ ఒళ్లంతా చెమట పట్టించుకున్నాడు. సాధారణంగా మొదటి రెండు మూడు రౌండ్లు ప్రత్యర్థిని అంచనా వేయడానికి వాడుకునే లూయిస్, ఈసారి ఆ అవకాశం ష్మెలింగ్‌కు ఇవ్వదలచలేదు. దూరాన నిలిచి ఎడమచేయి జారే క్షణం కోసం ఎదురుచూడటం ష్మెలింగ్ యుక్తి. దూరమే లేకుండా చేయడం లూయిస్ ప్రతియుక్తి. జాబ్‌లు విసిరాడు, ప్రతిసారీ చేయి స్వస్థానానికి తిరిగివచ్చింది. ష్మెలింగ్ ఆ పోరు మొత్తంలో విసరగలిగింది రెండే దెబ్బలు. తాళ్లకు చేరగిలబడి పక్కకు తిరిగిన అతని నడుముపై లూయిస్ కుడిచేయి పడింది. ష్మెలింగ్ వేసిన కేక బరి చుట్టూ ఉన్నవారందరికీ వినిపించింది. వెన్నుపూసలో ఒక ఎముక చిట్లిందని తరువాత ఆసుపత్రిలో తేలింది. మూడవసారి నేలకూలినప్పుడు అతని శిక్షకుడు ఓటమికి గుర్తుగా తువ్వాలు విసిరాడు. న్యూయార్క్ నిబంధనల ప్రకారం అది చెల్లదు. రిఫరీ ఆర్థర్ డోనొవన్ దానిని తీసి అవతల పారవేసి, ష్మెలింగ్ స్థితిని చూసి తానే పోరు ఆపివేశాడు.

నడుముపై పడిన ఆ దెబ్బ నిబంధనలకు విరుద్ధమని ష్మెలింగ్ పక్షం వారు వాదించారు. భీమ దుర్యోధనుల గదాయుద్ధం నాటి నుండి ఇటువంటి వివాదాలు ఉన్నవే. తొడపై గద పడినందుకు బలరాముడు ఆగ్రహించాడు. ఆ ఆగ్రహం సకారణమే, ఎందుకంటే భీముడు బుద్ధిపూర్వకంగానే నియమం మీరాడు. ఇక్కడ ఆ పరిస్థితి లేదు. దెబ్బను తప్పించుకోబోయి ష్మెలింగే మెలితిరిగాడు. పక్కటెముకలకు గురిపెట్టిన పిడికిలి వెనుకకు తగిలింది. చలనచిత్రంలో అది స్పష్టంగా కనిపిస్తుంది.

వయసు విషయం మాత్రం వాదనకు నిలిచేదే. లూయిస్‌కు 24 ఏళ్లు, ష్మెలింగ్‌కు 32. ముష్టియుద్ధంలో ఆ ఎనిమిదేళ్ల తేడా చిన్నది కాదు. అయితే తొలిపోరు నాడు కూడా ఆ తేడా అంతే ఉన్నది. నాడు 22 ఏళ్ల యువకునికి లేని తెలివిడి 30 ఏళ్ల వానిని గెలిపించింది. ఆ తెలివిడిని యువకుడు అలవరచుకున్న నాడు పెద్దవాని ఆధిక్యం మాయమయింది. అందువల్ల 124 సెకన్ల వేగాన్ని చూసి విస్తుపోవడం కంటే, ఆ వేగానికి వెనుకనున్న రెండేళ్ల దిద్దుబాటును చూడటం సబబు. రాజకీయం అంటగట్టిన అర్థాన్ని కూడా కొంత తగ్గించుకుని చూడాలి. ఆ రాత్రి హార్లెం వీధులలో వెల్లివిరిసిన ఆనందం నిజమైనది; దానిని కాదనరాదు. కాని నేలకూలినవాడు నాజీయిజం కాదు, ఒక మనిషి.

ఆ మనిషి ఎటువంటివాడో లోకానికి చాలా ఆలస్యంగా తెలిసింది. ష్మెలింగ్ నాజీ పార్టీలో చేరలేదు. యూదుడైన తన మేనేజర్ జో జేకబ్స్‌ను తొలగించమని ఒత్తిడి వచ్చినా తొలగించలేదు. 1938 నవంబరులో జర్మనీ అంతటా యూదుల ఇళ్లపై, దుకాణాలపై దాడులు జరిగిన రాత్రి, ఒక యూదు మిత్రుని ఇద్దరు కుమారులను బెర్లిన్‌లోని తన హోటలు గదిలో దాచి కాపాడాడు. ఈ సంగతి తాను ఎన్నడూ చెప్పుకోలేదు. దాగినవారిలో ఒకరు 1989లో బయటపెట్టారు. మలిపోరులో ఓడిన తరువాత నాజీ ప్రభుత్వానికి అతనిపై మోజు తీరిపోయింది. యుద్ధంలో అతనిని పారాచూట్ దళంలో చేర్చుకున్నారు. 1941లో క్రీట్ ద్వీపంలో గాయపడ్డాడు.

లూయిస్ 1937 నుండి 1949 వరకు, అంటే పదకొండేళ్ల ఎనిమిది నెలలకు పైగా, ప్రపంచ విజేతగా నిలిచాడు. 25 పర్యాయాలు కిరీటాన్ని కాపాడుకున్నాడు. 1942లో రెండు పోరాటాల ఆదాయాన్ని నావికా, సైనిక సహాయనిధులకు విరాళమిచ్చి, సామాన్య సిపాయిగా సైన్యంలో చేరాడు. అది నల్లవారికి వేరు దళాలు, శ్వేతజాతీయులకు వేరు దళాలు ఉన్న సైన్యం. సైనికుల ఎదుట 96 ప్రదర్శన పోరాటాలు చేశాడు. ప్రేక్షకులను రంగును బట్టి వేరుగా కూర్చోబెడితే బరిలో దిగనని పట్టుబట్టాడు. తరువాతి కాలంలో బేస్‌బాల్ చరిత్రను మార్చిన జాకీ రాబిన్సన్‌కు, తోటి నల్లజాతి సిపాయిలకు అధికారి శిక్షణలో ప్రవేశం లభించడానికి తన పలుకుబడి వినియోగించాడు.

అతని జీవితంలోని ఇతర మలిపోరులను కూడా 1938 పక్కన పెట్టి చూడవలసి ఉన్నది. 1941 జూన్‌లో తనకంటే బరువు తక్కువైన బిల్లీ కాన్, పన్నెండు రౌండ్ల వరకు లూయిస్ కంటే ముందంజలో నిలిచి, పదమూడవ రౌండులో తెగించి ముందుకు వచ్చి నాకౌటయ్యాడు. వారిద్దరూ 1946 జూన్‌లో మళ్లీ తలపడ్డారు. నడుమ యుద్ధం ఐదేళ్లు తినివేసింది. చురుకుదనమే ఆయుధమైన కాన్ మునుపటి కాన్ కాడు; లూయిస్ కూడా మునుపటివాడు కాడు. ఎనిమిదవ రౌండులో లూయిస్ గెలిచాడు. పాత ప్రశ్నకు అది జవాబు కాలేదు.

జెర్సీ జో వాల్కాట్ విషయం వేరు. 1947 డిసెంబరు 5న జరిగిన పోరులో వాల్కాట్ లూయిస్‌ను రెండుసార్లు పడగొట్టాడు. రిఫరీ వాల్కాట్‌కు ఓటు వేశాడు. ఇద్దరు న్యాయనిర్ణేతలు లూయిస్ పక్షాన మొగ్గారు. తీర్పు వెలువడకముందే బరి వీడబోయిన లూయిస్, తీర్పు అనంతరం వాల్కాట్‌ను క్షమాపణ కోరాడు. గెలిచినవాడు ఓడినవానిని క్షమాపణ కోరిన దృశ్యం క్రీడాచరిత్రలో అరుదు. 1948 జూన్ 25న మళ్లీ పోరాడారు. మూడవ రౌండులో లూయిస్ మరోమారు కిందపడ్డాడు. చాలా రౌండ్లు చప్పగా సాగాయి. ప్రేక్షకులు కేకలు వేశారు. పదకొండవ రౌండులో దొరికిన ఒక్క అవకాశాన్ని జారవిడువక లూయిస్ వాల్కాట్‌ను పడగొట్టాడు. ఇద్దరూ ఒకే ఏడాది పుట్టినవారు. వయసు సాకు ఇక్కడ ఎవరికీ లేదు. నైపుణ్యం దృష్ట్యా ఇది 1938 నాటి పోరుకు సాటిరాదు. కాని 1938లో లూయిస్ తీర్చుకున్నది తన ఓటమిని. 1948లో సరిచేసుకున్నది తనకు అనుకూలంగా వచ్చిన ఒక అనుమానాస్పద విజయాన్ని. లోకం మొదటిదానిని పండుగ చేసుకుని రెండవదానిని మరచిపోయింది. నిజాయితీని కొలమానంగా తీసుకుంటే రెండవదే బరువైనది.

1949 మార్చి 1న లూయిస్ విరమించుకున్నాడు. కాని బరి అతనిని విడిచిపెట్టలేదు. దేశానికి విరాళమిచ్చిన సొమ్మును సైతం ఆదాయంగా లెక్కకట్టి పన్నుల శాఖ బకాయిలు చూపింది. చేతికి ఎముక లేని దానగుణం, లెక్కలు చూడని మేనేజర్లు, పెరుగుతున్న వడ్డీ – అన్నీ కలిసి ఆ అప్పు కాలక్రమేణా పది లక్షల డాలర్లు దాటింది. 1950 సెప్టెంబరు 27న అతడు ఎజార్డ్ చార్లెస్ చేతిలో పాయింట్లపై ఓడాడు. 1951 అక్టోబరు 26న, 37 ఏళ్ల వయసులో, రాకీ మార్షియానో చేతిలో ఎనిమిదవ రౌండులో తాళ్లమీదుగా బరి వెలుపలకు పడిపోయాడు. దీనిని కూడా పునరాగమనం అనే అన్నారు. అప్పు తీర్చడానికి దిగినవానిని కీర్తి కోసం దిగినవాని కొలబద్దతో కొలవడం కఠినత్వమే అవుతుంది. తన ఆరాధ్యుడిని పడగొట్టవలసి వచ్చినందుకు మార్షియానో ఆ రాత్రి కన్నీరు పెట్టుకున్నాడు.

చివరి రోజులు సుఖంగా గడవలేదు. కుస్తీపోటీలలో పాల్గొన్నాడు. మానసిక అస్వస్థతతో 1970లో ఆసుపత్రిలో చేరాడు. లాస్ వేగాస్‌లోని ఒక జూదగృహంలో అతిథులను ఆహ్వానించే ఉద్యోగం చేశాడు. 1977లో గుండె శస్త్రచికిత్స అనంతరం చక్రాల కుర్చీకి పరిమితమయ్యాడు. ఇన్ని కష్టాల నడుమ అతనికి నమ్మకంగా నిలిచిన మిత్రులలో ష్మెలింగ్ ఒకడు. యుద్ధానంతరం శీతలపానీయాల వ్యాపారంలో స్థిరపడిన ష్మెలింగ్ 1954లో అమెరికా వచ్చి లూయిస్‌ను కలుసుకున్నాడు. అప్పటి నుండి వారి స్నేహం చెదరలేదు.

జో లూయిస్ 1981 ఏప్రిల్ 12న, 66 ఏళ్ల వయసులో, లాస్ వేగాస్‌లో కన్నుమూశాడు. అధ్యక్షుడు రీగన్ ప్రత్యేక అనుమతితో అతని భౌతికకాయాన్ని ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికలో సైనిక లాంఛనాలతో ఖననం చేశారు. అంత్యక్రియల ఖర్చులో కొంత భాగాన్ని ష్మెలింగ్ భరించాడు. ఆ ష్మెలింగ్ 2005 ఫిబ్రవరి 2న, నూరవ పుట్టినరోజు మరికొన్ని నెలలు ఉన్నదనగా, జర్మనీలో మరణించాడు.